మంద ముందు ఉప్పు ఇటుక

కొట్టంలో కట్టేసిన గేదె గోడ సున్నం నాకితే అదిలిస్తాం. మేతకు వెళ్లిన ఆవు పాత చెప్పునో ఎండిన ఎముకనో నోట పెట్టుకుని నములుతుంటే, పాడు అలవాటని లాగి పారేస్తాం. దూడ మట్టి తింటే మూతికి చిక్కం కడతాం. చాలాసార్లు ఆ మూగజీవి చెబుతున్నది ఒక్కటే, తన మేతలో ఏదో తక్కువైందని. దాన్ని అదిలించే ముందు ఒక్క క్షణం ఆగి చూడడం మన ధర్మం.

అలా ఆగి చూసినందుకు ఎంత మేలు జరిగిందో చెప్పే ఉదంతం దక్షిణాఫ్రికాలో ఉంది. వందేళ్ల కిందట అక్కడి బెచువానాలాండ్ బీళ్లలో పశువులు కాళ్లు చచ్చుబడి కూలిపోయేవి. ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్య శాస్త్రవేత్త 1919లో అక్కడే ఒక ఫారంలో మకాం వేసి కారణం వెతికారు. ఆ నేలలో భాస్వరం తక్కువ, అక్కడ మొలిచే గడ్డిలోనూ తక్కువే. ఆ కొరతతో పశువులు బీళ్లలో పడివున్న కళేబరాల ఎముకలు నమిలేవి. కుళ్లిన ఎముకలకు అంటుకుని ఉన్న బాట్యులిజం విషం వాటిని పడగొట్టేది. రోజూ కాస్త ఎముకల పొడి పెట్టేసరికి ఎముకల మీద యావ తగ్గింది. పశువులు ఒళ్లు చేశాయి, చూళ్లు నిలిచాయి. నేలలోని లోపాన్ని పరీక్షలకన్నా ముందే ఆ పశువుల నోళ్లు పట్టి చూపాయి.

మరి జీవాలకు ఏం కావాలో వాటికే తెలుసనే మాట ఎంతవరకు నిజం? ఉప్పు విషయంలో పూర్తిగా నిజం. ఒంట్లో సోడియం తగ్గితే ఉప్పును వెతుక్కునే గుణం పుట్టుకతోనే వస్తుంది. చెమట పట్టిన కాపరి చేతిని గొర్రె నాకేది అందుకే. కాల్షియం, భాస్వరం, జింకు, రాగి లాంటి వాటికి అలాంటి పుట్టు గుణం ఉన్నట్టు ఉప్పుకు ఉన్నంత గట్టి ఆధారం లేదు. అయితే అనుభవంతో నేర్చుకునే శక్తి మాత్రం ఉంది. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో హువాన్ విలాల్బా, ఫ్రెడ్ ప్రొవెంజా తదితరులు గొర్రె పిల్లల మీద చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. కొన్నాళ్లు వాటికి గింజలు ఎక్కువ పెట్టి, దానివల్ల కలిగే ఇబ్బందికి బెంటొనైట్ మట్టి ఇచ్చారు. మరికొన్నాళ్లు వగరు మేతకు ఒక విరుగుడు, ఆగ్జలేట్లున్న మేతకు డైకాల్షియం ఫాస్ఫేట్ ఇచ్చారు. ఆ తర్వాత మూడింటినీ ఎదుట పెడితే, ఏ మేత తిని కడుపు చెడిందో దానికి తగిన విరుగుడు వైపే అవి ఎక్కువగా మొగ్గాయి. మేతకూ విరుగుడుకూ ఉన్న సంబంధం అనుభవంలో ఎరగని పిల్లలు అలా ఎంచుకోలేకపోయాయి. నాలుకకు కడుపు గురువయ్యాకే ఆ తెలివి వచ్చింది.

ఆ కడుపు కూడా సామాన్యమైనది కాదు. గడ్డి మేసి నీడన పడుకున్న ఆవు నెమరు వేస్తూ రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది. అందులోని సోడా లవణాలే పెద్ద పొట్టలో పుట్టే పులుపును విరుస్తాయి. పీచున్న మేత ఉంటే నెమరు, నెమరు ఉంటే లాలాజలం, అదుంటే అరుగుదల. ఈ వరుసలో ఎక్కడ తెగినా కష్టమే. పెళ్లి విందులో మిగిలిన అన్నం పుణ్యమనుకుని బకెట్ల కొద్దీ ఆవు ముందు కుమ్మరిస్తే, అది నమలకుండా మింగుతుంది. కడుపులో పులుపు పెరిగి, ఉబ్బి, మరునాటికి లేవలేకపోతుంది. కోసిన మొక్కజొన్న చేలో రాలిన కంకులు మెక్కిన మందకూ ఇదే గతి.

దక్కన్ మీద మందలు తోలుకు తిరిగే గొల్ల కురుమలు ఈ చదువేదీ లేకుండానే జీవాలకు కావలసినంత ఎంపిక ఇచ్చారు. ఉదయం బీడు గడ్డి, మధ్యాహ్నం రేగు ఆకు, తుమ్మకాయ, సాయంత్రం కోసిన చేను మొదళ్లు. ఒక్కో ఆకులో ఒక్కో లవణం, ఒక్కో వగరు. పాళ్లు కుదుర్చుకునేది మంద నోరే. ఏది ఎంత తినాలో పిల్ల తల్లి పక్కన మేస్తూ నేర్చుకునేది. ఇప్పుడు బీళ్లు తగ్గాయి, కంచెలు పెరిగాయి, అడవి అంచుల్లోకి దారులు మూసుకుపోయాయి. 2017 జూన్‌లో తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకం మొదలైనప్పుడు యూనిట్‌కు 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున వేల మందలు ఇతర రాష్ట్రాల నుంచి లారీల్లో దిగాయి. మంచి సంకల్పమే. అయితే దిగిన గొర్రెకు ఆ నేల కొత్త, ఆ ఆకు కొత్త. దాని తల్లి దానికి నేర్పింది వేరే ఊరి మేత.

పాడి గేదెల సంగతీ అంతే. ఏడాదిలో చాలా నెలలు వాటికి వరిగడ్డే దిక్కు. అందులో భాస్వరం తక్కువ. ఉన్న కాస్త కాల్షియాన్నీ ఆగ్జలేట్లు ఒంటికి పట్టనివ్వవు. లీటరు పాలతో గేదె దాదాపు 2 గ్రాముల కాల్షియాన్ని మనకు ఇచ్చేస్తుంది. తిరిగి గాడిలోకి చేరేది అంత లేదు. ఈనిన కొన్ని వారాలకు ఎర్రగా మూత్రం పోసి నీరసించే గేదె, నెలలు గడిచినా ఎదకు రాని పడ్డ, ఈ కొరతను మోస్తున్నవే కావచ్చు.

అందుకే జీవాలు నాకడానికి కొట్టంలో వేలాడదీసే ఉప్పు ఇటుకను మనం చేసే ఉపకారంగా లెక్కవేసుకోకూడదు. వాటి నుంచి తీసుకున్న ఎంపికలో అది మనం తిరిగి ఇస్తున్న చిన్న వాటా. ఇచ్చేటప్పుడు తెలిసి ఇవ్వాలి. నీడలో, వాన తడపని చోట, తాగే నీటికి దగ్గరగా, మూతికి అందే ఎత్తులో కట్టాలి. ఉప్పుంటే పక్కన నీళ్లు ఉండి తీరాలి. మందలో ఏది నాకుతోందో, ఏది దగ్గరకే రావడం లేదో గమనించాలి. బలమైనది కాచుకుని కూర్చుంటే బలహీనమైనదానికి అందదు. పాలిచ్చే పశువుకు ఇటుక ఒక్కటే చాలదు. రోజుకు 50 గ్రాములకు తగ్గకుండా ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలిపి పెట్టాల్సిందే. ఆవులు, గేదెల కోసం చేసిన మిశ్రమం గొర్రెలకు పెట్టకూడదు. అందులోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుని ప్రాణం తీస్తుంది. యూరియా, బెల్లపు మడ్డి కలిపిన ఇటుకలైతే ఆకలితో ఉన్న జీవానికి, పసి దూడలకు దూరంగా ఉంచాలి. ఏ నేలలో ఏ లోటుందో చూసి ఆ ప్రాంతానికి తగ్గ మిశ్రమం చేయించే పని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ మొదలుపెట్టింది. ఆ వివరం ప్రతి పశువైద్యశాల గోడ మీదా తెలుగులో కనిపించాలి.

ఇంత చేసినా ఇటుక పచ్చిక బయలు కాలేదు. జీవి తన కడుపును తానే చక్కదిద్దుకోగలదని శాస్త్రం చెబుతున్నది నిజమే అయినా, ఎంచుకోవడానికి ఎదుట ఏదో ఒకటి ఉండాలి కదా! ఊరి బీడును ఊరి బీడుగా ఉంచడం, చెరువు గట్టున నాలుగు రకాల చెట్లు నిలపడం, మందలు నడిచే దారిని ఆక్రమణల నుంచి కాపాడడం పంచాయతీలు చేయగల పనులే. పాలూ మాంసమూ ఎరువూ ఇచ్చే జీవాలకు మేతలో మంచిచెడ్డలు ఎంచుకునే వీలు కల్పించడం మన బాధ్యత. వాటి ఆరోగ్యం అక్కడే మొదలవుతుంది.