నిధులకు ముందే నక్షా

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెతను మనవారు ప్రజా ప్రణాళికల మీద ప్రయోగించినంత ఉదారంగా మరెక్కడా ప్రయోగించరు. నాగర్‌కర్నూల్ వంటి పట్టణంలోనూ, దాని చుట్టుపక్కల ప్రతి పెద్ద గ్రామంలోనూ పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు నడవడానికి ఒక క్రీడావనం ఉండాలని, దాని నక్షా ఇప్పుడే గీసి పెట్టుకోవాలని నేను ఎక్కడ ప్రస్తావించినా ముందుగా వినిపించే ఆక్షేపణ ఇదే. నిధులు మంజూరు కానివ్వండి, ఆ తరువాత ఆలోచిద్దాం అంటారు. ఈ వరుస తలకిందులుగా ఉన్నదని నా అభిప్రాయం. నిధులు వచ్చిన తరువాత ఆలోచించడానికి ఎవరికీ వ్యవధి ఉండదు.

ఇందుకు ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉన్నది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ప్రతి గ్రామంలోనూ క్రీడా ప్రాంగణం నెలకొల్పాలని సంకల్పించి, రాష్ట్రావతరణ దినమైన జూన్ 2న తొలి విడత ప్రాంగణాలను ప్రారంభించింది. సుమారు ఎకరం స్థలం, అందులో వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్ జంప్ గుంత, వ్యాయామానికి కడ్డీలు, చుట్టూ చెట్లు. పనులు ఉపాధి హామీ నిధులతో. సంకల్పంలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఒక వైద్యునిగా నేను దానిని మనసారా స్వాగతించాను. అయితే గడువు దగ్గర పడుతుంటే గ్రామ కార్యదర్శి ఏం చేయగలడు? దొరికిన చోట స్థలం చూపించాడు. కొన్ని ఊళ్లలో అది గుట్ట పక్కన రాళ్ల నేల, కొన్ని చోట్ల శ్మశానం ఆనుకొని ఉన్న మూల, మరికొన్ని చోట్ల వాన పడితే నీరు నిలిచే పల్లం. ఆ తరువాత పత్రికలలో వచ్చిన ఛాయాచిత్రాలు మీకు గుర్తుండే ఉంటాయి: నీలాకాశం కింద ఒక బోర్డు, రెండు ఇనుప కడ్డీలు, నడుము లోతు కంప. చక్కగా నడుస్తున్న ప్రాంగణాలు లేకపోలేదు. అవి నడుస్తున్నది ముందే ఆటకు అలవాటైన స్థలంలో, బడికి దగ్గరగా, ఎవరో ఒక వ్యాయామోపాధ్యాయుడో యువకుల బృందమో శ్రద్ధ వహించిన చోట. అంటే డబ్బు కన్నా స్థలం, మనిషి ముఖ్యమయ్యాయి.

ఈ విషయం ఆరోగ్యానికి ఎందుకు సంబంధించినదో చెప్పడానికి నాలుగు అంకెలు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు అవసరం. 2022 నాటి లెక్కలతో 2024లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం మన దేశంలో దాదాపు సగం మంది పెద్దలు ఆ కనీస పరిమితిని కూడా చేరుకోవడం లేదని, స్త్రీలలో ఈ లోపం మరింత ఎక్కువని తేల్చింది. భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో దేశంలోని మధుమేహ రోగుల సంఖ్యను 10 కోట్లకు పైగా అంచనా వేసింది. మందుల చీటీ మీద "రోజూ అరగంట నడవండి" అని రాయడం మాకు సులభమే. ఆ నడక ఎక్కడ నడవాలో మాత్రం రాయము. తెల్లవారక ముందే రహదారి అంచున, లారీల వెలుతురులో నడిచేవారిని చూసినప్పుడు మేము ఇచ్చిన సలహాలో సగమే ఇచ్చామని అనిపిస్తుంది.

"పొలం పని చేసుకునే వారికి మళ్లీ వ్యాయామం ఎందుకు డాక్టరుగారూ?" అని అడిగేవారున్నారు. ముప్పై ఏళ్ల కిందట ఈ ప్రశ్న సమంజసమే. వలసలకు పేరుపడిన పాలమూరులో శ్రమ కొరత ఏనాడూ లేదు. కాని కల్వకుర్తి ఎత్తిపోతల నీరు వచ్చిన తరువాత వరి పెరిగింది, దానితో పాటు ట్రాక్టరు, కోత యంత్రం పెరిగాయి. పొలానికి వెళ్లేది మోటారు సైకిలు మీదనే. రైతు శ్రమ తగ్గింది, అన్నం కుప్ప తగ్గలేదు. ఇక నాట్లు వేసే, కలుపు తీసే కూలి స్త్రీల సంగతి వేరు. నడుము వంచి పది గంటలు పనిచేసిన మనిషిని పరుగెత్తమని నేను చెప్పను. ఆమెకు కావలసినది నీడ, కూర్చోవడానికి బల్ల, శుభ్రమైన మరుగుదొడ్డి. క్రీడావనంలో ఆమెకూ భాగం ఉండాలంటే ఆ మూడింటిని నక్షాలో మొదట చేర్చాలి. నక్షా లేకుండా కట్టిన చోట అవి చివరకు మిగిలిపోతాయి.

ఎకరంలో ఏమి పడుతుందో ఒకసారి లెక్క వేద్దాం. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. ఖోఖోకు 27 మీటర్లు, 16 మీటర్లు. పురుషుల కబడ్డీకి 13 మీటర్లు, 10 మీటర్లు. చుట్టూ విడవవలసిన ఖాళీతో కలిపినా ఈ మూడింటికి మూడో వంతు స్థలం చాలు. చదరంగా ఉన్న ఎకరం అంచు వెంబడి రెండు మీటర్ల నడక బాట వేస్తే ఒక చుట్టు సుమారు 245 మీటర్లు వస్తుంది. అయిదు చుట్లు తిరిగితే కిలోమీటరు దాటుతుంది. ఇవన్నీ పోగా సగానికి పైగా స్థలం చెట్లకు, పసిపిల్లలకు, వృద్ధులకు మిగులుతుంది. 400 మీటర్ల పరుగు బాట కావాలంటే మాత్రం నాలుగెకరాలు పైన ఉండాలి. క్రికెట్టు ఎకరంలో ఇమడదు. కుర్రవాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే బంతి భయం ఉన్న చోటికి ఏ వృద్ధురాలూ కర్ర పట్టుకొని రాదు. వారికి వేరే మైదానం చూపాలి. కోర్టుల పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలన్నది మరొక చిన్న సంగతి. లేకుంటే ఉదయం, సాయంత్రం ఒక పక్షం వారి కళ్లలో ఎండ పడుతుంది. కాగితం మీద దీనిని సరిదిద్దడానికి ఖర్చు కాదు. స్తంభాలు పాతిన తరువాత ఎవరూ సరిదిద్దరు.

స్థలం గురించి మరికొంత విపులంగా చెప్పాలి. మన వైపు ఖాళీగా కనిపించే భూమి తరచుగా గైరాన్, బంచరాయి లేదా చెరువు శిఖం అయి ఉంటుంది. నాగర్‌కర్నూల్ వారికి కేసరి సముద్రం ఉన్నది, దాని కట్ట మీద నడక ఆహ్లాదకరమే. అయితే కట్ట నడకకు పనికి వస్తుంది గాని పిల్లల ఆటకు కాదు. ఎండిన చెరువు అంచు ఎంత చదునుగా కనిపించినా పూర్తి నిల్వ మట్టానికి లోపల ఏదీ కట్టరాదు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలపై జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు 2011 జనవరి 28న ఇచ్చిన తీర్పు పంజాబ్‌లోని ఒక గ్రామ చెరువుకు సంబంధించినదే. చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నవారిని ఖాళీ చేయించాలన్న ఆ తీర్పు అన్ని రాష్ట్రాలనూ ఉద్దేశించింది. కనుక మొదటి పని సర్వే నంబరు తేల్చడం, హద్దులు కొలిపించి రాళ్లు పాతించడం, గ్రామసభలో తీర్మానం చేయడం. ఆ పని జరగకపోతే నిధులు వచ్చే నాటికి ఆ ఎకరంలో ఎవరిదో ఒకరి గడ్డివాము, ఆ తరువాత పాక, ఆ తరువాత ఇంటి నంబరు వెలుస్తాయి. నేలను కూడా చూడాలి. చెల్క నేలలో నీరు ఇంకుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది, దాని మీద వేసిన బాట రెండో వేసవికి నెర్రెలిస్తుంది. మధుమేహంతో పాదాలలో స్పర్శ తగ్గినవారికి ఆ పగుళ్లు చిన్న ప్రమాదం కాదు.

ఇంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. క్రీడావనంలో అన్నిటికన్నా ఆలస్యంగా తయారయ్యేది చెట్టు. గుత్తేదారు గోడను నెలలో కట్టగలడు, వేపచెట్టు నీడను కట్టలేడు. అయిదారేళ్లు పడుతుంది. ఏప్రిల్, మే నెలలలో ఎండ 42 డిగ్రీలు దాటే మన జిల్లాలో నీడ లేని మైదానం సాయంత్రం ఆరు వరకు పెనమే. అందువల్ల నిధుల కోసం వేచి ఉండే అయిదేళ్లు వృథా కానక్కరలేదు. గ్రామ పంచాయతీలకు పల్లె ప్రగతి కాలంలో నర్సరీలు, ట్రాక్టర్లు, నీటి ట్యాంకర్లు సమకూరాయి. కోర్టులు ఎక్కడ వస్తాయో నక్షాలో గుర్తించి, మిగిలిన చోట వేప, కానుగ, చింత నాటితే చాలు. నక్షా లేకుండా నాటితే ఆ చెట్లే రేపు కోర్టు మధ్యలో అడ్డు వచ్చి గొడ్డలికి గురవుతాయి. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ మాత్రం పెట్టకండి.

నక్షా గీసేటప్పుడు ఎవరిని అడగాలి? సాధారణంగా సర్పంచి, ఇంజనీరు, నలుగురు పెద్దమనుషులు కూర్చొని తేల్చుతారు. వారిలో ఎవరికీ తెల్లవారుజామున చీకటిలో నడవాలంటే భయం ఉండదు. ఒక వారం పాటు ఉదయం 5 నుంచి 7 వరకు, సాయంత్రం 5 నుంచి 7 వరకు ఊరిలో ఎవరు ఎక్కడ నడుస్తున్నారో, ఎక్కడ ఆడుతున్నారో బడి పిల్లల చేత లెక్క వేయించండి. మహిళా సంఘం సమావేశంలో ఆశా కార్యకర్త ద్వారా ఒకే ప్రశ్న అడిగించండి: మీరు ఎందుకు రారు? దీపం లేదని ఒకరు, కుక్కలని ఒకరు, తాగుబోతులని ఒకరు, మరుగుదొడ్డి లేదని అనేకులు చెబుతారు. ఈ సమాధానాలు ఏ ప్రాజెక్టు నివేదికలోనూ దొరకవు.

ఇలా సిద్ధమైన నక్షా వల్ల మరొక లాభం ఉన్నది, అది కాదనే శక్తి. ఎన్నికల ముందు ఎవరో ఓపెన్ జిమ్ యంత్రాలు ఇస్తామంటారు. తీసుకుంటాము. రెండేళ్లలో కీళ్లు బిగిసి తుప్పు పడతాయి, మరమ్మతుకు పద్దు ఉండదు. నక్షా చేతిలో ఉంటే "యంత్రాలు తరువాత, ముందు రెండు దీపాలు, ఒక బోరు" అని అడగవచ్చు. ఉపాధి హామీలో కూలికి కనీసం 60 పాళ్లు, సామగ్రికి 40 పాళ్లకు మించకుండా ఖర్చు పెట్టాలన్న నియమం ఉండేది. అటువంటి పథకం కింద చదును చేయడం, గుంతలు తవ్వడం, కట్ట పోయడం సాగుతాయి గాని దీపాలు, మరుగుదొడ్ల వంటి సామగ్రి పనులకు అంతగా మిగలదు. ఏ పనికి ఏ పద్దు అన్నది విడివిడిగా రాసి పెట్టుకుంటే వచ్చిన డబ్బు వచ్చినట్టు సరైన చోటికి చేరుతుంది. ఏటా నిర్వహణకు ఎంత కావాలో, తాళంచెవి ఎవరి వద్ద ఉంటుందో, వేసవిలో నీళ్లు ఎవరు పోస్తారో కూడా అదే కాగితం మీద ఉండాలి.

ఆ కాగితం ప్రతులు పంచాయతీలో ఒకటి, బడిలో ఒకటి, మహిళా సంఘం వద్ద ఒకటి ఉంచండి. సర్పంచి మారినా, అధికారి బదిలీ అయినా కనీసం ఒకటి మిగులుతుంది. హద్దు రాళ్లు వేసవిలో పాతితే, మొదటి వానలకు జూన్‌లో మొక్కలు నాటవచ్చు.