జాలకమును కన్నులార చూడవలెను

కాంతి జాలకపు ప్రయోగమును గణకయంత్రపు తెరమీద చూపి, అంతటితో అది ముగిసినదని రికార్డు పుస్తకములో సంతకము చేయుట అక్కడక్కడ అలవాటగుచున్నది. ఇది మాకు సమ్మతము కాదు. అట్లని యంత్రమును ప్రయోగశాలనుండి వెడలగొట్టవలెనను పెద్దల పక్షమునను మేము చేరజాలము.

జాలకమనగా మిక్కిలి దగ్గరగా, సమానమైన యెడముతో నేర్పరచిన గీతల వరుస. కాంతి తరంగములు ఆ గీతలనుండి నలుదెసలకు వ్యాపించి, కొన్ని దిక్కులలో మాత్రమే ఒండొంటితో కలసి బలపడును. ఒక్కొక్క వర్ణమునకు ఒక్కొక్క దిక్కు. దీని నెఱుగుటకు గొప్ప పరికరము లక్కఱలేదు. ఫిలడెల్ఫియా నగరమున ఫ్రాన్సిస్ హాప్‌కిన్సన్ అను నతడు పట్టు చేతిరుమాలుగుండ వీధిదీపమును చూచి, కనబడిన వింతకు హేతువేమని డేవిడ్ రిటెన్‌హౌస్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞు నడిగెను. ఆయన 1785లో రెండు సన్నని మరచుట్ల నడుమ వెండ్రుకలను వరుసగా బిగించి జాలకమును చేసెను. పలుచని పట్టు ఉత్తరీయమును దూరపు దీపమున కడ్డుపెట్టి చూచు బాలునకు ఆ వింత నేడును కనబడును.

దిక్కును లెక్కించుట సులభము. పాటల కాంపాక్టు డిస్కుమీది చుట్ల యెడము 1.6 మైక్రానులు. దానిపై 650 నానోమీటర్ల యెఱ్ఱని కాంతి నిలువుగా పడినచో మొదటి క్రమపు కిరణము సుమారు 24 డిగ్రీలలోను, రెండవది 54 డిగ్రీలలోను వెడలును. మూడవది లేనే లేదు. సైను పట్టిక తెలిసిన విద్యార్థి కిది ఒక్క పంక్తి లెక్క. (లేసరు కిరణమును కంటిలోనికి పోనీయరాదని తలిదండ్రులు హెచ్చరింపవలెను.)

అయితే ఆ పంక్తి వెలుగు ఎటు పోవునో చెప్పును గాని ఎంత పోవునో చెప్పదు. అది గీతల యాకారమును, పదార్థమును బట్టి యుండును. చిక్కంతయు నిచ్చటనే. 1902లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆర్. డబ్ల్యు. వుడ్ ఒక లోహజాలకపు వర్ణపటమును పరిశీలింపగా, అత్యల్పమైన తరంగదైర్ఘ్యభేదములోనే వెలుగు హఠాత్తుగా కుంగిపోయెను. అదియు కాంతి కంపనము ఒకానొక దిశలో నున్నప్పుడే. లార్డ్ రేలీ 1907లో కొంతవఱకు హేతువు చెప్పెను. లోహతలము నంటి ప్రాకు తరంగములను కారణముగా ఫానో 1941లో చూపెను. కన్ను ముందు, లెక్క వెనుక నడచిన వరుస యిది.

నేడు మిక్కిలి వాడుకలోనున్న గణనపద్ధతులలో నొకటి 1981లో మోహరం, గేలార్డ్ అను నిద్దఱు ప్రకటించినది. జాలకమును పలుచని పొరలుగా విభజించి, ప్రతి పొరలోని పదార్థమును, కాంతిని ఫూరియే శ్రేణులుగా వ్రాసి, పొరల సరిహద్దులను కూర్చి, సమీకరణములను యంత్రముచేత సాధింతురు. శ్రేణికి అంతము లేదు. యంత్రపు శక్తికి కలదు. కావున కొన్ని పదములతో నాపవలెను. కాంతిని మ్రింగని జాలకమున అన్ని క్రమముల వెలుగును కూడినచో, పదములు చాలకున్నను, మొత్తము వచ్చిన వెలుగునకు సరిపోవును! జమాఖర్చులు సరితూగిన మాత్రమున కరణముగారి లెక్క నిజమనరాదు గదా. లోహజాలకముల విషయమున కంపనము గీతల కడ్డముగా నున్నప్పుడు, ఎన్నెన్ని పదములు చేర్చినను ఫలము త్వరగా స్థిరపడెడిది కాదు. 1996లో శ్రేణుల గుణకారమును వేఱువిధముగా వ్రాయుటచేత ఆ చిక్కు చాలవఱకు తీరినది. దాని గణితహేతువును లిఫెంగ్ లీ ఆ యేడే చూపెను. అంతకుముందును తెరమీది చిత్రములు అందముగానే యుండెను.

గణనమును తృణీకరించు వారికి నొక మాట. సిలికాన్ చిప్పుల కర్మాగారములలో అతి సూక్ష్మమైన గీతల వెడల్పును, వానినుండి మఱలివచ్చిన కాంతిని లెక్కించిన కాంతితో పోల్చి కొలుచుచున్నారు. ఆ లెక్క లేనిదే ఆ కొలత లేదు.

మా కోరిక యిది. విద్యార్థి మొదట కోణమును చేతితో లెక్కించి, పిమ్మట డిస్కుతో కొలిచి, ఆ తరువాతనే యంత్రమును ముట్టవలెను. యంత్రపు ఫలము ఎన్ని పదములతో వచ్చినదో, వానిని రెట్టింపు చేయగా ఎంత మాఱినదో రికార్డులో ప్రక్కనే వ్రాయవలెను. వ్రాయనివానికి మార్కులు తగ్గించినచో తలిదండ్రులు ఉపాధ్యాయులపై కోపింపకుందురుగాక.