సైన్స్ మ్యూజియానికి అద్దాల పెట్టె అక్కర్లేదు

సైన్స్ మ్యూజియం అంటే నలువైపులా మూసిన అద్దాల భవనం, ఏడాది పొడవునా ఒకే చల్లదనం, గాలికీ వెలుతురుకీ యంత్రాలే దిక్కు. భవన నిర్మాణ రంగంలో పాతుకుపోయిన అభిప్రాయం ఇది. లేకపోతే ప్రదర్శన వస్తువులు పాడైపోతాయన్నది దీనికి చూపే కారణం. అందులో నిజం లేకపోలేదు, కానీ అది కొన్ని గదులకే వర్తిస్తుంది.

ఎండిన మొక్కల నమూనాలు, జంతుచర్మాలు, పాత కాగితాలు తేమలో హెచ్చుతగ్గులను తట్టుకోలేవు. వాటికి మూసిన గది కావలసిందే. పిల్లలు తిప్పి చూసే ఇనుప చక్రాలనూ, గేర్లనూ అదే గాటన కట్టడమే తప్పు. టికెట్ల వరుసనూ, ఫలహారశాలనూ, నడవాలనూ 22 డిగ్రీల దగ్గర బిగించి ఉంచాల్సిన పనే లేదు. సున్నితమైన సేకరణల విషయంలోనూ పట్టు సడలింది. పెద్ద మ్యూజియంల సారథులు ఏర్పరచుకున్న బిజో బృందం మార్గదర్శకాలు చాలా రకాల వస్తువులకు 16 నుంచి 25 డిగ్రీల ఉష్ణోగ్రతను, 40 నుంచి 60 శాతం తేమను అనుమతిస్తున్నాయి. రోజులో ఒడిదుడుకులు మాత్రం పెద్దగా ఉండకూడదు.

అద్దం సూర్యకిరణాలను లోపలికి వదులుతుంది. వేడెక్కిన నేల వెదజల్లే పరారుణ కిరణాలను మాత్రం బయటికి పోనివ్వదు. పడమటి అద్దపు గోడ ఉన్న హాలులో మధ్యాహ్నం మూడింటికి టచ్ స్క్రీన్ మీద ఎండ పడి బొమ్మ కనపడదు. సిబ్బంది తెరలు దించుతారు, పట్టపగలే దీపాలు వేస్తారు. ఆ దీపాల వేడిని కూడా ఏసీయే మోయాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ అద్దాల పెట్టె తప్పదన్న వాదనకు కట్టి చూపిన జవాబు. 1989 భూకంపంలో పాత భవనాలు దెబ్బతినడంతో రెంజో పియానో రూపకల్పనలో కట్టిన కొత్త భవనం 2008లో తెరుచుకుంది. రెండున్నర ఎకరాల పైకప్పు మీద సుమారు 17 లక్షల స్థానిక మొక్కలున్నాయి. గుట్టల్లా పొంగిన ఆ కప్పు వాలు వెంట చల్లగాలి జారి నడిమి ముంగిట్లోకి దిగుతుంది. పైనున్న కిటికీలు వాతావరణాన్ని బట్టి వాటంతట అవే తెరుచుకుని వేడిగాలిని వదిలేస్తాయి. గోడల్లో పాత జీన్స్ గుడ్డల నుంచి తీసిన నూలు ఉష్ణనిరోధకంగా ఉంది. అక్వేరియం, వర్షారణ్యపు గోళం మాత్రం తమకు కావలసిన వాతావరణాన్ని వేరుగా ఉంచుకున్నాయి. ఏ గదికి ఏది అవసరమో అంతే ఇవ్వడం ఈ భవనంలో అన్నిటికన్నా మెచ్చుకోదగ్గ సంగతి.

ఇక్కడే రెండో పొరపాటు ఎదురవుతుంది: ఆ పచ్చకప్పును ఎక్కడైనా మక్కీకి మక్కీ దించితే చాలనుకోవడం. పసిఫిక్ పొగమంచు చల్లబరిచే ఊరది. వేసవిలోనూ ఎండ మండదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో అలాంటి కప్పు బతకాలంటే సరిగ్గా నీటి ఎద్దడి కాలంలోనే తడపాలి. ఇక్కడ మేలు చేసేది ఎండ తగలకుండా మీద మరో కప్పు వేసిన మిద్దె, లోతైన వసారాలు, పగటి వేడిని ఆపే మందపాటి గోడలు, రాత్రి చల్లగాలికి తెరిచే కిటికీలు. పొడి వేసవిలో నీటి ఆవిరితో గాలిని చల్లబరచడమూ పనిచేస్తుంది. విశాఖపట్నంలో గాలి అసలే చెమ్మగా ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి ఉక్కపోతను పెంచుతుంది. అక్కడ సముద్రపు గాలి ఒక వైపు నుంచి వచ్చి రెండో వైపుకు పోయేలా భవనం సన్నగా ఉండాలి. రెండు చోట్లా మెట్లు, మరుగుదొడ్లు, యంత్రాల గదులు పడమటి ఎండకు అడ్డుగా నిలవాలి. చీకటి కావలసిన ప్లానెటోరియమూ, సున్నితమైన వస్తువుల నిల్వ గదులూ భవనం నడుమ ఉండాలి.