ప్రాజెక్టుపని యెవరిది?

ప్రతి సంవత్సరమును మా పాఠశాలలో ప్రాజెక్టుల ప్రదర్శనము జరుగుచున్నది. ఆ దినమున తరగతి గదులన్నియు రంగు కాగితములతోను, థెర్మోకోల్ మేడలతోను, చిన్న చిన్న విద్యుద్దీపములతోను కన్నులపండువుగ నుండును. తల్లిదండ్రులు వచ్చి చూచి సంతసింతురు. మేమును సంతసించుచుంటిమి. కాని గడచిన యేట నొక చిన్న ప్రశ్న మా సంతోషమున కడ్డు తగిలినది. అగ్నిపర్వతపు నమూనాను మిక్కిలి యందముగ తెచ్చిన యొక బాలుని, "దీనిలోనుండి నురుగేల వచ్చుచున్నది?" అని యడిగితిమి. అతడు కొంతసేపు తలవంచుకొని, "అంగడివాడు చెప్పలేదండి, అయ్యగారూ" అనెను.

ఆ బాలుని నిందించుటకై మేమీ మాట వ్రాయుట లేదు. నిందార్హులము మేమే. అందమైన నమూనాకు ఎక్కువ మార్కులు వేయుచు వచ్చినవారము మేమే. రేపు తెమ్మని నేడు చెప్పినవారమును మేమే. ఒక్క రాత్రిలో బాలుడేమి చేయగలడు? తండ్రి అంగడికి పోవును; తల్లి అర్ధరాత్రి వఱకు మేలుకొని కత్తిరించి అంటించును; బాలుడు నిద్రపోవును. ఉదయమున ప్రాజెక్టు పాఠశాలకు వచ్చును గాని, దానిలోని పాఠము మాత్రము బాలునియొద్దకు రాదు.

ఈ పద్ధతి యేల పుట్టినదో యొకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయులకు బోధించుచుండిన విలియం కిల్పాట్రిక్ గారు 1918 లో "ప్రాజెక్టు పద్ధతి" యను వ్యాసమును ప్రకటించిరి. బాలుడు తన మనఃపూర్వకముగ పూనుకొని, ఒక ఉద్దేశముతో చేయు పనియే ప్రాజెక్టు అని వారి భావము. మన దేశమునకు ఈ పద్ధతి వచ్చుట కెక్కువ కాలము పట్టలేదు. పంజాబులోని మోగా పట్టణమున మిషనువారు గ్రామోపాధ్యాయుల కొఱకు నడపిన శిక్షణ పాఠశాలలో, విలియం మెక్కీ గారి పెత్తనమున, 1920 తరువాతి సంవత్సరములలో ఇది ఆచరణలోనికి వచ్చినది. అచ్చట పల్లెబిడ్డలు తామెఱిగిన యిల్లు, పొలము, అంగడి మొదలగువానినే ఆధారముగ జేసికొని చదువును, లెక్కలును నేర్చిరి. 1937 లో వార్ధాలో జరిగిన విద్యామహాసభయందు గాంధీ మహాత్ముడు చేతిపని మూలముగ విద్య గఱపవలెనని చెప్పెను. 2020 నాటి జాతీయ విద్యావిధానమును అనుభవపూర్వకమైన విద్యనే కోరుచున్నది. వీరందఱి మాటలలో భేదములు కలవు. అంగడిలో కొని తెమ్మని మాత్రము వీరిలో నెవ్వరును చెప్పలేదు.

ఆ ప్రదర్శనము ముగిసిన పిమ్మట ఎనిమిదవ తరగతివారికి వేఱొక విధముగ పని యిచ్చి చూచితిమి. మా పాఠశాలకు ఎండకాలమున ట్యాంకరు నీటిని కొనుట అందఱెఱిగినదే. వానకాలమున మేడమీది నీరంతయు కాలువపాలగుచున్నది. "ఆ పోవు నీరెంత?" అని మాత్రము అడిగి ఊరకుంటిమి. సమాధానము మేము చెప్పలేదు, పుస్తకమునను లేదు.

బిడ్డలు రెండు జట్టులైరి. అడుగునుండి మూతివఱకు ఒకే వెడల్పు గల డబ్బాలు రెండు తెచ్చి, ఒకటి వేపచెట్టు ప్రక్కను, ఒకటి ఆటస్థలమున నడుమను ఉంచిరి. వాన వెలిసిన పిమ్మట స్కేలుతో కొలువగా ఒక దానిలో 11 మిల్లీమీటర్లు, రెండవ దానిలో 18 మిల్లీమీటర్లు నీరుండెను. "మీ కొలత తప్పు" అని జట్టులు రెండును వాదులాడుకొన్నవి. స్కేళ్లు మార్చి చూచిరి, భేదము పోలేదు. మేమెఱిగియు నోరు మెదపలేదు; అంతకంటె కష్టమైన పని ఉపాధ్యాయునకు వేఱొకటి లేదు. మూడవ దినమున ఒక బాలిక డబ్బా ప్రక్కను నిలిచి తల పైకెత్తి చూచి, "వాన చెట్టుమీద పడినది, డబ్బాలో కాదు" అనెను. తరువాతి వానకు డబ్బాలు రెండును బయటనే యుంచిరి. కొలతలు ఇంచుమించు సరిపోయినవి.

అటుపిమ్మట లెక్క. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన పడినయెడల ఒక లీటరు నీరగును. మేడ పొడవు 20 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. 18 మిల్లీమీటర్ల వానకు 3,600 లీటర్లు. వైశాల్యపు లెక్క యెందులకని ప్రతి సంవత్సరము మమ్ముల నడుగు బిడ్డలు ఆ దినమున అడుగలేదు.

హంగెరీ దేశమున జన్మించిన గణితశాస్త్రజ్ఞుడు జార్జి పోల్యా 1945 లో ప్రకటించిన గ్రంథమున సమస్యను సాధించుటకు నాలుగు మెట్లు చెప్పెను: సమస్యను గ్రహించుట, ఉపాయము నాలోచించుట, ఆ ప్రకారము చేయుట, చేసినదానిని వెనుదిరిగి చూచుట. మన తరగతులలో మూడవ మెట్టుమీదనే బిడ్డలను నిలుపుచున్నాము. సమస్యయు మనదే, ఉపాయమును మనదే; తప్పు వచ్చినచో ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటయు మనదే. చెట్టుక్రింది డబ్బావంటి తప్పు లేనిదే వెనుదిరిగి చూచు అలవాటు ఎట్లు కలుగును? గట్టుమీద నిలిచి ఈత నేర్చినవాడు లేడు.

"ఇట్లు దినములు గడపినచో పాఠ్యభాగములు ముగియుటెట్లు? పరీక్షలో మార్కులు వచ్చుటెట్లు?" అని పెద్దలడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ఎక్కములు, పద్యములు, వ్యాకరణసూత్రములు కంఠస్థము చేయవలసినవే. వానిని ప్రాజెక్టులతో నేర్పబూనుట కాలహరణము. ఎక్కములు రానివాడు ఆ వాననీటి లెక్కయు కట్టలేకపోయెడివాడు. కావున అన్నిటిని విడిచి దీనినే పట్టుకొనుమని మేము చెప్పము. సంవత్సరమునకు పది అలంకారపు ప్రాజెక్టులకు మాఱుగా రెండు నిజమైనవి చాలును. వానికి ఒక్కొక్క మాసము గడువీయవలెను. మార్కులు రంగుకాగితమునకు గాక, బాలుడు దినదినము వ్రాసికొన్న నోటుపుస్తకమునకు, అందలి కొట్టివేతలకు సైతము, ఈయవలెను.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. బిడ్డ చేసిన నమూనా వంకరగా నున్నను దానిని సరిదిద్దకుడు. "ఇది యేల యిట్లు చేసితివి?" అని యడుగుడు. అంగడికిచ్చు పైకము మిగులును. బిడ్డకు మాట మిగులును. విద్యార్థులారా! ప్రక్కవాని మేడ మీదానికంటె అందముగ నున్నదని సిగ్గుపడకుడు. మీది మీ చేతిపని యైనచో దానిని గూర్చి యెవరేమి యడిగినను తల యెత్తి చెప్పగలరు.

ఆ బిడ్డలు తమ లెక్కను జతపఱచి, మేడనీరు ఇంకుటకొక గుంట త్రవ్వింపవలెనని మేనేజరుగారికి విన్నపము వ్రాసికొనిరి. గుంట యింకను త్రవ్వబడలేదు. కాని వారు వారమున కొకసారి వచ్చి, "అయ్యగారూ, మా విన్నపమేమైనది?" అని యడుగుచునే యున్నారు. అంగడివాడేమి చెప్పెనో అని చూచు బాలునికిని, తన లెక్కకు ఉత్తరము కోరు బాలునికిని గల దూరమే విద్య. ఈ యేటి వానలకు ముందే వారికి బదులు చెప్పుట పెద్దలమైన మన విధి.