బొగ్గు కరెంటుతో తీసిన ఉదజని ‘హరితం’ కాజాలదు

జింద్–సోనీపట్ మార్గంలో ఉదజని రైలు కొరకు రైల్వే శాఖ 111.83 కోట్ల రూపాయల పని అప్పగించింది. దీనిని మేము వ్యతిరేకించడం లేదు. నీటిని విద్యుత్తుతో విడగొట్టి ఉదజని తీయడం పాఠశాల పిల్లలెరిగిన ప్రయోగమే. ఆ విద్యుత్తు ఎక్కడిదన్నదే అసలు ప్రశ్న.

కిలో ఉదజనికి సుమారు 50 యూనిట్ల కరెంటు కావాలి. అది బొగ్గు కేంద్రానిదైతే, కిలోకు 40 కిలోలకు పైగానే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. 2023 ఆగస్టులో ప్రభుత్వమే ‘హరిత’ ఉదజనికి విధించిన హద్దు 2 కిలోలు! ఇది ఇంజనీర్ల లెక్క, మనకెందుకని తపాలా సోదరులు అనవచ్చు. ఖర్చయ్యేది ప్రజాధనం కదా!

కోర్బా బొగ్గు రేకులు మా గతౌరా మీదుగానే సాగుతాయి. 2,980 మెగావాట్ల సీపత్ కేంద్రం మాకు చేరువలోనే ఉంది. ఆ ఎన్.టి.పి.సి. వారి అనుబంధ సంస్థే పూడిమడకలో ఉదజని కేంద్రం నిర్మించనున్నది. 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. సూర్యుని కరెంటు వాడతామంటున్నారు, సంతోషం. సాయంత్రానికి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు మరి! గంటగంటకూ ఏ కరెంటు వాడారో లెక్క బహిరంగపరచాలి.

బొగ్గు రవాణా తగ్గిన నాడు బిలాస్‌పూర్ డివిజను లోకో పైలట్లు, పాయింట్స్‌మన్లు, ట్రాక్‌మన్లు ఏమి కావాలి? ఉదజని పనుల శిక్షణ మొదట వారికే ఇవ్వాలి. ఆ కొలువులను కాంట్రాక్టర్ల పాలు చేయడాన్ని మేము అంగీకరించము.