నాణెమునకు పూసిన చిలుము

పురాతన నాణెములను సేకరించువారిలో ఒక అలవాటు వేరూనినది. నేలనుండి వెలువడిన రాగి నాణెమును తొలుత ఎవరో చింతపండుతోనో నిమ్మరసముతోనో తోముదురు. అది పూజాపాత్రవలె ఎఱ్ఱగా మెఱయును. కాని తెలిసినవారు అట్టి నాణెమును చెడిన దానిగా ఎంతురు. దాని వెల తగ్గును. అంతట గంధకమును పొటాషు క్షారముతో కాచిన ద్రావకములో దానిని ముంచి, నలుపో గోధుమవన్నెయో తెప్పించి, పోయిన ప్రాచీనతను మఱల కల్పింతురు. ఈ పని ఎంతవరకు యుక్తమో విచారింపవలసి యున్నది.

చిలుము మాలిన్యము కాదు. రాగిపై మొదట ఎఱ్ఱని ఆక్సైడు పొర ఏర్పడును. నేలలోని తేమయు బొగ్గుపులుసు వాయువును సోకగా దానిపై పచ్చని మాలకైటు పెరుగును. వెండి గంధకము సోకి నల్లబడును. సీసము తెల్లని కార్బొనేటుగా మారును. శతాబ్దముల తరబడి సాగిన ఈ మార్పులో నాణెపు అసలు ఉపరితలము తఱచుగా ఆ పొరలయందే నిలిచి యుండును. పొరను గీకినచో దానితోపాటు అక్షరమును పోవును. పిదప పూసిన రంగు ఆ అక్షరమును తిరిగి తేజాలదు.

తెలుగువారి ప్రాచీన చరిత్రకు ఇది చిన్న నష్టము కాదు. శాతవాహనుల నాణెములు అధికముగా సీసము, రాగి, పోటిను లోహములవి. గోదావరీ తీరమందలి కోటిలింగాలలో దొరకిన నాణెముల వలననే గోబద, సమగోప మొదలగు పేర్లు వెలుగునకు వచ్చినవి. పురాణముల రాజావళులలో ఆ పేర్లు లేవు. నాసిక్ ప్రాంతమందలి జోగల్‌తంబిలో 1906లో 13,000కు పైగా నహపానుని వెండి నాణెములు లభించినవి. వానిలో 9,000కు మించిన వానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యమును, ఉజ్జయినీ చిహ్నమును మఱల ముద్రింపించెను. క్రిందనున్న పాత ముద్ర యొక్క లేశములే ఆ విజయమునకు సాక్ష్యము. అట్టి లేశములను మొరటు శుద్ధి చెఱపివేయును.

నాణెమును తాకనే రాదనుట ఇందలి ఉద్దేశము కాదు. ఉప్పు సోకిన రాగి, కంచు నాణెములపై లేతపచ్చని పొడి రాలుచుండును. అది రోగము, తేమ తగిలినకొలది లోహమును తినివేయును. దానిని ఆపుటకు 1967 నుండి పరిరక్షకులు బెంజోట్రయజోల్ అను పదార్థమును వాడుచున్నారు. ఇది చికిత్స. నాణెము ప్రాణము నిలుపుటకు చేయు పని వేఱు, దాని వయస్సును అభినయింపజేయుట వేఱు.

తమకు మోసగించు తలంపు లేదనియు, తోమిన నాణెమునకు చూడముచ్చటైన రూపమే ఇచ్చితిమనియు కొందఱు సేకర్తలు చెప్పుదురు. వారి మాట నమ్మదగినదే. కాని నాణెము చేతులు మారును. వారి మాట దానివెంట పోదు. దొంగనాణెమునకు వన్నె పెట్టువాడును ఆ ద్రావకమునే వాడును. మూడవ చేతికి చేరునప్పటికి సత్సంకల్పముతో పూసిన చిలుమునకు, వంచనకై పూసిన చిలుమునకు భేదము చెప్పుట దుష్కరము.

శాసన పరిష్కర్తలు ఈ చిక్కును ఏనాడో పరిష్కరించుకొనిరి. శిథిలమైన అక్షరమును ఊహించి పూరించినచో దానిని కుండలీకరణములలో చూపుదురు. పూరణము దోషము కాదు; గుఱుతు లేని పూరణమే దోషము. నాణెమునకును ఇదియే నియమము కావలెను. శుద్ధికి ముందు ఛాయాచిత్రమును, తూకమును, వాడిన ద్రావకమును, తేదీని ఒక చీటిపై వ్రాసి నాణెముతో ఉంచవలెను. నాణెములను ప్రకటించు పత్రికలును వ్యాసకర్తలనుండి ఈ వివరము కోరవలెను. ఆ చీటి లేని నాణెపు వన్నెను సాక్ష్యముగా గ్రహింపరాదు.