తాళం మనది, చెవి కూడా మన దగ్గరే ఉండాలి

ఈసారి జీతం గురించి కాదు, వీసా గురించి కాదు, ఇంట్లో కంప్యూటర్ గురించి రాస్తున్నాం. పోస్టు పొడుగే, ఓపికతో చదవండి. మీకూ ఒకరోజు పనికొస్తుంది.

బెంటన్‌విల్‌లో మేం నలుగురం ఒకే అద్దె ఇంట్లో ఉంటాం. ఇది వాల్‌మార్ట్ ఊరు. 1950లో శామ్ వాల్టన్ ఇక్కడి చౌరస్తాలో చిన్న కొట్టు తెరిచాడు. ఆయన పెట్టిన కంపెనీ 2025 జనవరిలో ఇదే ఊళ్లో దాదాపు 350 ఎకరాల్లో కొత్త హెడ్డాఫీసు తెరిచింది. అందుకే ఇక్కడ తెలుగువాడు అంటే సాఫ్ట్‌వేర్ అనే అనుకుంటారు. మాదేమో కాంక్రీటు, కడ్డీల లెక్క. కంప్యూటర్‌లో ఏదన్నా చెడిపోతే అడగడానికి సిగ్గు. ఆ సిగ్గే మా కొంప ముంచబోయింది.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది గదా. మా పాత డబ్బా విండోస్ 11కి పనికి రాదంది. కొత్తది కొన్నాం. పాతదాంట్లో హార్డ్ డిస్క్ తీసి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, కొత్తదానికి తగిలించాం. డిస్క్ కనిపించింది. మా పేరున్న ఫోల్డర్ నొక్కితే మాత్రం పర్మిషన్ లేదంది. మా ఫోల్డరే, మా పేరే, మాకే పర్మిషన్ లేదట!

అందులో ఏముందో చెప్తే మీకు అర్థమవుతుంది. పాస్‌పోర్ట్, వీసా కాపీలు. ఊళ్లో భూమి పాసుబుక్ స్కాన్లు. మాలో ఒకరి తల్లి చనిపోకముందు మాట్లాడిన వీడియో. ఇంకొకరికి పాత పనిచోట ఓవర్‌టైమ్ ఎగ్గొట్టారు, ఆ పేస్లిప్‌లు, రోజూ రాసుకున్న గంటల లెక్క అందులోనే ఉన్నాయి. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలని ఇక్కడి ఫెడరల్ చట్టం. అడగడానికి గడువు మామూలుగా రెండేళ్లు, కావాలనే ఎగ్గొట్టారని తేలితే మూడేళ్లు. కాగితం లేకపోతే మన మాట ఎవడు వింటాడు?

మరి అడ్డం ఎందుకు పడింది? సైట్‌లో గేటు బ్యాడ్జి లాంటిది. గేటు దగ్గర పేరు చూడరు, బ్యాడ్జి నంబరు చూస్తారు. విండోస్ కూడా అంతే. ప్రతి అకౌంట్‌కి ఒక పొడుగాటి నంబరు ఇస్తుంది. కొత్త కంప్యూటర్‌లో అదే పేరు పెట్టుకున్నా నంబరు వేరు. పాత డిస్క్ మీద తాళం పాత నంబరుది. అంటే ఫైళ్లు పోలేదు, మనల్ని గుర్తుపట్టలేదు అంతే.

మేం చేసిన తప్పు చెప్తాం, నవ్వుకోండి పర్లేదు. ఎవరో చెప్పారని "ఎవ్రీవన్" అని పెట్టి "ఫుల్ కంట్రోల్" ఇచ్చాం. అదీ పాత ఫోల్డర్‌కి కాదు, తొందరలో కొత్త కంప్యూటర్ సీ డ్రైవ్ మొత్తానికి. తెల్లారేసరికి స్టార్ట్ మెనూ తెరుచుకోలేదు, సగం యాప్‌లు లేవలేదు. విండోస్ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది. అదృష్టం, పాత డిస్క్‌ని ముట్టుకోలేదు.

మా అభిప్రాయం ఇదీ. తాళం మన శత్రువు కాదు. కరెంటు పని చేసేటప్పుడు మెయిన్ స్విచ్‌కి ఎవరి తాళం వాళ్లు వేసుకుంటాం, వేసినవాడే తీయాలి. వాడు ఇంటికి వెళ్లిపోతే సూపర్‌వైజర్ తీయొచ్చు, కానీ వాడు సైట్‌లో లేడని చూసుకుని, పద్ధతి ప్రకారం, ఆ ఒక్క తాళమే. ఒకడు చెవి మర్చిపోయాడని సైట్‌లో తాళాలన్నీ కోసేస్తామా? "ఎవ్రీవన్" అంటే అదే. రేపు ఏ దొంగ ప్రోగ్రామో లోపలికొస్తే దానికీ గేటు బార్లా తెరిచినట్టే.

సరైన పద్ధతి ఇది. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తో లోపలికి వెళ్లండి. ఫోల్డర్ నొక్కినప్పుడు "కంటిన్యూ" అని అడిగితే ముందు అది నొక్కి చూడండి, చాలాసార్లు దాంతోనే అయిపోతుంది. కాకపోతే ఫోల్డర్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన "ఓనర్" దగ్గర ఎస్-1-5-21 అని మొదలయ్యే నంబరు ఉంటే అదే పాత బ్యాడ్జి. పక్కన "చేంజ్" నొక్కి మన అకౌంట్ పేరు ఇవ్వండి. లోపలి ఫోల్డర్లకు కూడా ఓనర్ మార్చాలనే గడి కింద వస్తుంది, దాంట్లో టిక్ పెట్టి ఓకే అనండి. మళ్లీ తెరిచి "యాడ్" నొక్కి మన పేరుకే ఫుల్ కంట్రోల్ ఇవ్వండి. ఓనర్ అయినంత మాత్రాన లోపల చదివే హక్కు దానంతట అదే రాదు, అందుకే రెండూ చేయాలి. తెరుచుకున్నాక కావలసినవి కొత్త కంప్యూటర్‌లో మన డాక్యుమెంట్స్‌లోకి కాపీ చేయండి. కాపీకి కొత్త చోటి పర్మిషన్లే వస్తాయి. ప్రాపర్టీస్‌లో "రీడ్ ఓన్లీ" గడి చూసి కంగారు పడొద్దు, ఫోల్డర్ తెరుచుకోకపోవడానికి అది కారణం కాదు. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ల జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

ఒకవేళ డిస్క్ తగిలించగానే 48 అంకెల కీ అడిగితే అది పర్మిషన్ సమస్య కాదు, బిట్‌లాకర్. ఓనర్ మార్చినా తెరుచుకోదు. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఈ రోజే చూసి కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకోండి.

ఇంకో మాట. స్క్రీన్ మీద ఎర్రగా ఫోన్ నంబరు వచ్చి కాల్ చేయమంటే చేయకండి. అసలైన విండోస్ ఎర్రర్‌లో ఫోన్ నంబరు ఉండదు. గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమన్నవాడు దొంగ, అనుమానమే లేదు. కంప్యూటర్‌ని దూరం నుంచి వాడి చేతికిస్తే ఇంటి చెవి ఇచ్చినట్టే.

మాకు ఆదివారం ఒక పూట పట్టింది. ఫోల్డర్ తెరుచుకోగానే పేస్లిప్‌లు చూడలేదు, ముందు ఆ తల్లి వీడియో పెట్టుకున్నాం. నలుగురం మాట్లాడకుండా కూర్చున్నాం. ఆ తర్వాతే మిగతావి కాపీ చేసి, ఇంకో డిస్క్‌లో కూడా పెట్టాం.

పదో తరగతి చదివినవాళ్లం మేమే చేశాం, మీరు చేయలేరా? తెలియకపోతే సిగ్గుపడకుండా పక్కవాళ్లను అడగండి. మాకైనా కామెంట్ పెట్టండి, పని దిగాక జవాబిస్తాం. పైలం అన్నలూ.